బట్ట కింద ఏరియల్ దాచాలంటే

రేడియో ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో మాటవరసకు ఒక సంగతి రాశాను. బట్ట తొడిగిన చిన్న విమానాల్లో రేడియో ఏరియల్‌ని బయటికి కడ్డీలా పొడుచుకు రాకుండా లోపలే దాచిపెట్టొచ్చు అని. ఇన్వర్టర్ల గురించి, ఎఫ్ఎం గరగరల గురించి పేజీలకు పేజీలు రాసినప్పుడు రానన్ని ఉత్తరాలు ఆ ఒక్క వాక్యానికి వచ్చాయి. ఎయిర్‌ఫోర్స్‌లో రేడియో ఫిట్టర్‌గా చేసి వచ్చి, నల్లగొండ గడియారం దగ్గర రిపేరు షాపు పెట్టుకున్నవాడికి ఇంతకన్నా పండగేముంటుంది? ఈ నెల మొత్తం దానికే.

*ప్రశ్న: మా బావా నేనూ కలిసి ఊరి బయట షెడ్డులో రెండు సీట్ల విమానం బిగిస్తున్నాం. నడుము భాగం స్టీలు గొట్టాల చట్రం. రెక్కలు చెక్కవి, తోక మీది నిలువు రెక్క కూడా చెక్కదే. బట్ట ఇంకా తొడగలేదు. మాట్లాడే రేడియో ఏరియల్ సీట్ల వెనక పెడదామని బావ అంటున్నాడు, అక్కడ చోటు బాగా ఉంది. పెట్టొచ్చా సార్?*
*– ఒక పాఠకుడు, జడ్చర్ల*

తమ్ముడూ, బట్ట తొడగక ముందే అడిగావు, సంతోషం. తొడిగాక అడిగేవాళ్లే ఎక్కువ.

సీట్ల వెనక వద్దని మీ బావకు చెప్పు. చోటున్నమాట నిజమే, కానీ అది ఇనప పంజరం లోపలి చోటు. విమానాల మాటల రేడియో 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తుంది. నడిమధ్య 127 దగ్గర తరంగం పొడవు 2.36 మీటర్లు. మీ చట్రంలో ఒక నిలువు గొట్టానికీ ఇంకో దానికీ మధ్య ఎడం ఎంత? మూరెడో మూరన్నరో ఉంటుంది. అంత పెద్ద తరంగం అంత చిన్న సందుల్లోంచి బయటపడటం కష్టం. దానికి తోడు, ఏరియల్ పక్కన దానికి సమాంతరంగా, ఇంచుమించు దానంత పొడవున్న గొట్టం ఉంటే అది ఊరికే ఉండదు. ఏరియల్ వదిలిన శక్తిని పట్టుకుని మళ్లీ తన ఇష్టం వచ్చిన దిక్కుకు వదులుతుంది. అప్పుడు ముక్కు టవర్ వైపు ఉంటే మాట గణగణ వినబడుతుంది, రెక్క తిప్పగానే మాయమవుతుంది. పైలట్ రేడియోను తిడతాడు.

చాలామంది బట్టనూ, దాని మీద రంగునూ అనుమానిస్తారు. పాపం బట్టదేం తప్పు లేదు. ఇప్పటి పాలియెస్టరైనా వెనకటి నూలు బట్టైనా రేడియోకు గాలి ఎంతో అదీ అంతే. అడ్డొచ్చేదల్లా బట్ట కింది ఇనుమే.

నిలువు రెక్క చెక్కది కావడం మీ అదృష్టం. దాని ముందు అంచు వెంబడే ఏరియల్ పెట్టండి. టవర్ ఏరియల్ నిలువుగా ఉంటుంది, మనదీ నిలువుగానే ఉండాలి. అంచు కొంచెం వెనక్కి వాలినా నష్టం లేదు. చెక్క రెక్కలో బోలెడంత చోటుందని అక్కడ అడ్డంగా పడుకోబెట్టేరు, అది మాత్రం వద్దు. నిలువుకూ అడ్డానికీ పొత్తు కుదరదు. ఆచరణలో 20 డెసిబెల్స్ దాకా పోవచ్చు, అంటే మిగిలేది నూరో వంతు. దగ్గర్లో ఉన్నంతసేపూ ఏ తేడా తెలియదు, దూరం పోయాకే మోసం బయటపడుతుంది. దారి చూపే వీఓఆర్ రిసీవర్ ఉంటే మాత్రం రెక్క దానికి సరైన చోటు, ఎందుకంటే ఆ సిగ్నల్ పుట్టుకతోనే అడ్డంగా వస్తుంది.

ఇక తయారీ. ఒక పక్క జిగురున్న రాగి టేపు, అర అంగుళం వెడల్పుది చాలు. 1970ల్లో అమెరికా విమాన రూపకర్త బర్ట్ రూటన్ గీసిన ఫోము, గ్లాస్ ఫైబర్ విమానాలు వచ్చినప్పుడు, కాలిఫోర్నియాలో జిమ్ వైర్ అనే ఇంజనీరు ఈ రాగి టేపు ఏరియల్స్‌ను ఇంట్లో విమానాలు కట్టుకునేవాళ్లందరికీ అలవాటు చేశాడు. చెక్కకూ అదే పద్ధతి పనికొస్తుంది. టేపు రెండు ముక్కలు, ఒక్కోటి 58 సెంటీమీటర్లు కోయండి. కావలసినదానికన్నా ఇది కాస్త ఎక్కువే, కావాలనే చెబుతున్నాను. కోసిన టేపు మళ్లీ పెరగదు కదా. ఒక ముక్క పైకి, ఒకటి కిందికి, మధ్యలో వేలెడంత సందు. ఆ సందు దగ్గర కోయాక్స్ కేబుల్ నడిమి తీగను పై ముక్కకు, చుట్టూ ఉన్న జాలీ అల్లికను కింది ముక్కకు టంకం పెట్టాలి. విప్పిన కొసలు సెంటీమీటరుకు మించొద్దు. సోల్డరింగ్ ఐరన్ అక్కడే ఉంచి ఊదుతూ కూర్చుంటే టేపు కింద జిగురు కాలి టేపు లేచి వస్తుంది. ముందే రెండు వైపులా టంకం పూత పూసి, ఒక్కసారి తాకించి తీసేయండి.

కేబుల్ అతికించే ముందే దానికి మూడు ఫెర్రైట్ రింగులు తొడిగి, టంకం దగ్గరికి జరిపి కట్టేయండి. ఇవి లేకపోతే కేబుల్ పైతొడుగు కూడా ఏరియల్‌లో భాగమైపోతుంది. మైకు నొక్కగానే హెడ్‌సెట్లో బుర్రుమంటుంది, ఇంధనం ముల్లు గంతులేస్తుంది. రింగులు పనిచేస్తున్నాయో లేదో చూడటం తేలిక. ఏరియల్ నుంచి ఎంత శక్తి వెనక్కి వస్తుందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెట్టి, కేబుల్‌ను చేత్తో అక్కడా ఇక్కడా పట్టుకోండి. రీడింగ్ కదిలిందంటే పైతొడుగు మీద కరెంటు పారుతున్నట్టే. కేబుల్ ఏరియల్ వెంబడే కిందికి దిగకూడదు. ముందు అడ్డంగా జానెడు దూరం వెనక్కి పోయి, అప్పుడు దిగాలి. తోక లైటు వైరు ఉంటే దాన్నీ వెనక అంచు వైపు నడపండి. ముందు అంచు వెంబడి పోయే ఏ వైరైనా, దానికి లైటు వెలగకపోయినా సరే, ఇందాక చెప్పిన గొట్టం పనే చేస్తుంది.

కేబుల్ ఆర్‌జీ-58 చాలు, ఐదు మీటర్లకు నష్టం ఒక డెసిబెల్ లోపే. నన్నడిగితే మాత్రం ఆర్‌జీ-400 కొనండంటాను. దాని లోపలిది టెఫ్లాన్, ఎండకు లొంగదు. మే నెలలో పాలమూరు ఎండలో రేకుల షెడ్డు కింద నిలబెట్టిన విమానం తోక లోపల ఎంత కాగుతుందో మీకు నేను చెప్పాలా?

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెబుతున్నాను. బట్ట తొడిగాక మళ్లీ ఆ టంకం దగ్గరికి చెయ్యి పోయే దారి ఉంచండి. కర్ణాటకలో ఒక క్లబ్బు విమానానికి ఇట్లాగే దాచిన ఏరియల్ ఉండేది. వెతుకుడంతా రేడియో డబ్బాలోనే జరిగింది, లోపం చూస్తే తోకలో ఊడిపోయిన టంకం. అక్కడికి పోవడానికి కొత్త బట్టను కత్తిరించాల్సి వచ్చింది. బట్ట పని చేసేవాళ్ల దగ్గర దీనికి ప్లాస్టిక్ రింగులు దొరుకుతాయి. బట్టకు జిగురుతో అతికించి, రంగులన్నీ వేసేస్తారు. ఎప్పుడు అవసరమైతే అప్పుడు రింగు లోపలి బట్టను బ్లేడుతో గుండ్రంగా కోసి, పని చూసుకుని, రేకు మూత బిగిస్తారు. రింగు చుట్టూ ఉన్న బట్ట చినగదు. టంకం ఉన్న చోట ఒక రింగు, కేబుల్ కనెక్టర్ ఉన్న చోట ఇంకోటి పెట్టండి. ఎక్కడెక్కడ పెట్టారో ఫొటో తీసి లాగ్‌బుక్కులో అతికించుకోండి.

వెండి రంగు పూత గురించి కూడా అడుగుతావని తెలుసు. ఎండకు బట్ట పాడవకుండా అల్యూమినియం పొడి కలిపిన పూత వేస్తారు. అందులో ప్రతి రేణువు చుట్టూ జిగురు ఉంటుంది, ఒకదాన్నొకటి తాకవు, కాబట్టి రేకులాగా అడ్డుపడవు. నా మాట మీద ఉండొద్దు, మిగిలిన బట్ట ముక్కకు అన్ని పూతలూ వేసి ఆరనిచ్చి, ఏరియల్ మీద కప్పి మీటరు చూడండి. ముల్లు కదలకపోతే ధైర్యంగా రంగు వేయండి.

*ప్రశ్న: మా ప్రాజెక్టు కోసం రాగి టేపు ఏరియల్ చేశాం. నానో వీఎన్ఏ మీటరు మీద బెంచీ దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 1.3 వచ్చింది. స్టీలు గొట్టాల చట్రం పక్కకు తీసుకుపోగానే 3.5 అయింది. ఏరియల్ చెడిపోయిందా?*
*– పాలిటెక్నిక్ విద్యార్థి, వనపర్తి*

చెడిపోలేదు బిడ్డా, ఇనుము పక్కన చేరింది. గొట్టం దగ్గర్లో ఉంటే ఏరియల్ శ్రుతి మారుతుంది. అందుకే బెంచీ మీద కొలత అయిపోయిందని టేపు కత్తిరించకూడదు. అసలు చోటులో పెట్టి, చుట్టుపక్కల రావలసిన తీగలన్నీ వచ్చాక, అప్పుడు రెండు ముక్కలనూ సమానంగా అర సెంటీమీటరు చొప్పున తగ్గిస్తూ రావాలి. ఎస్‌డబ్ల్యూఆర్ 2 అంటే పంపిన దాంట్లో 11 శాతం వెనక్కి వస్తుంది, 3 అంటే 25 శాతం. బ్యాండు రెండు కొసల్లోనూ 2 లోపు ఉంటే నాకు అంతే చాలు. 3 దాటితే మాత్రం ట్రాన్స్‌మిటర్‌కు ఇబ్బంది.

ఇంకో మాట. ఆ మీటరును దేవుణ్ని చేయకండి. ఏరియల్ తీసేసి 50 ఓముల రెసిస్టరు తగిలించి చూడు, ఎస్‌డబ్ల్యూఆర్ 1 అని అద్భుతంగా చూపిస్తుంది. దాంతో పక్క గదికి కూడా మాట పోదు. వెనక్కి ఎంత వస్తుందో మీటరు చెబుతుంది గానీ, ముందుకు ఏ దిక్కుకు ఎంత పోతుందో చెప్పదు. దానికి ఒకటే పరీక్ష. లైసెన్సున్న స్టేషన్ ఏదైనా రెండు మూడు కిలోమీటర్ల దూరంలో మాట్లాడుతుంటే, విమానాన్ని నేల మీదే మెల్లగా గుండ్రంగా తిప్పుతూ ఏ దిక్కులో బలం పడిపోతుందో రాసుకోవాలి. వినేటప్పుడు ఎక్కడ బలహీనమో మాట్లాడేటప్పుడూ అక్కడే బలహీనం. మీ చట్రం ముక్క చిన్నదే కాబట్టి, దాన్ని స్టూలు మీద పెట్టి కాలేజీ గ్రౌండులో తిప్పండి. ప్రాజెక్టు రిపోర్టులో ఆ గుండ్రటి గ్రాఫు ఒక్కటి ఉంటే చాలు, వైవాలో మిమ్మల్ని ఎవరూ కదిలించలేరు.

*ప్రశ్న: మేం మగ్గం మీద చీరలు నేస్తాం. విమానానికి బట్ట తొడుగుతారంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఏం బట్ట అది? మా చీరల అంచుల్లో జరీ ఉంటుంది కదా, అట్లాంటి బట్ట కప్పితే రేడియో ఆగిపోతుందా?*
*– ఒక పాఠకురాలు, గద్వాల*

చెల్లె, ఈ నెల ఉత్తరాలన్నిట్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న మీది.

మొదట్లో విమానాలకు నార బట్ట, తర్వాత మేలు రకం నూలు బట్ట తొడిగేవాళ్లు. మీ మగ్గం మీద దిగే సరుకుకు దూరపు చుట్టమే అది. బిగువు కోసం దాని మీద డోప్ అనే జిగురు పూత పూసేవాళ్లు, ఆరేకొద్దీ డప్పు చర్మంలా బిగిసేది. ఇప్పుడు ఎక్కువగా పాలియెస్టర్. చట్రానికి అతికించాక దాని మీద ఇస్త్రీ పెట్టె నడుపుతారు. వేడి కొలిచి మరీ పెడతారు. మొదట 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఆఖరుకు 177 దగ్గర. వేడికి బట్ట ముడుచుకుని బిగుస్తుంది. వేడి హద్దు దాటితే బిగువు సడలిపోతుంది, మళ్లీ రాదు.

ఇక జరీ. అసలు జరీ అంటే పట్టు దారానికి చుట్టిన సన్నటి వెండి తీగ, దాని మీద బంగారు పూత. దాంట్లో కరెంటు పోతుంది. అంచు పొడవునా పక్కపక్కనే పోయే జరీ పోగులంటే రేడియో లెక్కలో తీగల వరసే. తరంగం ఏ వాలులో వస్తుందో అదే వాలులో ఆ తీగలుంటే ఆపుతాయి, అడ్డంగా ఉంటే చాలావరకు వదిలేస్తాయి. ఇప్పటి జరీ చాలావరకు ప్లాస్టిక్ రిబ్బను మీద లోహపు పూత, దాని పైన మళ్లీ వార్నిషు. మల్టీమీటరు ముళ్లు రెండూ జానెడు దూరంలో ఆనించి చూడండి. మోత వస్తే అసలు లోహం. రాకపోతే రెండు రకాలు, లోహం మీద వార్నిషు ఉండొచ్చు, లోహమే లేకపోవచ్చు. చీరలో చుట్టిన సెల్‌ఫోను మోగుతుందేమిటని మీకు అనుమానం రావచ్చు. మడతల మధ్య సందులు చాలు దానికి. పైగా సెల్ టవర్ ఏరియల్స్ మామూలుగా రెండు వైపులకూ 45 డిగ్రీల వాలుతో ఉంటాయి, ఒకటి ఆగినా ఇంకోటి దూరుతుంది.

ఒంటినిండా జరీ నేసిన బట్టతో విమానం తోక కప్పితే మాత్రం, జడ్చర్ల తమ్ముడు పెట్టే ఏరియల్ మూగబోతుంది. ఆ చీర ధరకు ఇంకో విమానం బట్ట వస్తుందనుకోండి, అది వేరే సంగతి.

*ప్రశ్న: నేను కేబుల్ ఆపరేటర్‌ని. మా దగ్గర ఆర్‌జీ-6 వైరు చుట్టలకు చుట్టలున్నాయి. అది విమానానికి వాడొచ్చా?*
*– ఒక పాఠకుడు, మిర్యాలగూడ*

వద్దు, అన్నా. అది 75 ఓములు, విమానం రేడియోది 50 ఓములు అని పుస్తకాల్లో చెబుతారు గానీ అసలు చిక్కు అది కాదు. ఆ తేడాకు ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 మాత్రమే అవుతుంది. మీ వైరు జాలీ అల్యూమినియంది, దానికి టంకం పట్టదు. నడిమి తీగ ఒంటి కడ్డీ, అందులోనూ చాలాసార్లు రాగి పూత పూసిన ఇనుము. ఇంజను అదురుకు కనెక్టర్ మొదట్లో తెగుతుంది. గోడకు మేకు కొట్టి బిగించే వైరుకూ, గంటలకొద్దీ అదిరే వైరుకూ పుట్టుకే వేరు.

*ప్రశ్న: చదువుకునే రోజుల్లో బేగంపేటలో పుష్పక్ అనే చిన్న విమానం చూశాను. దాని మీద ఏరియల్ కనబడిన గుర్తు లేదు. అప్పుడే దాచేవారా?*
*– విశ్రాంత ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్*

సార్, నమస్కారం. హెచ్‌ఏఎల్ వాళ్ల పుష్పక్ 1958లో మొదటిసారి ఎగిరింది. స్టీలు గొట్టాల నడుము, పైన బట్ట, ఇద్దరు కూర్చునే చోటు. సరిగ్గా ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న జాతే. మీరు చూసిన దాంట్లో దాచి ఉండరు, అసలు రేడియోనే లేకపోయి ఉండొచ్చు. ఆ తరం చిన్న విమానాలు చాలావరకు రేడియో లేకుండానే తిరిగాయి. టవర్ నుంచి లైటు చూపించేవాళ్లు. ఆగకుండా వెలిగే పచ్చ లైటు అంటే దిగొచ్చు. ఆగకుండా వెలిగే ఎరుపు అంటే వేరే విమానానికి దారి ఇచ్చి చుట్టు తిరుగుతూ ఉండు. ఎరుపు మిణుకుమిణుకుమంటే ఇక్కడ దిగడం క్షేమం కాదు. రేడియో పాడైన విమానానికి ఇవాళ కూడా ఇదే భాష.

*ప్రశ్న: జీపీఎస్, ట్రాన్స్‌పాండర్ ఏరియల్స్ కూడా బట్ట కిందే పెట్టొచ్చా? నిలువు రెక్క కూడా స్టీలుదే అయితే మాటల ఏరియల్ సంగతేమిటి?*
*– ఒక పాఠకుడు, దేవరకొండ*

జీపీఎస్ నిశ్చింతగా పెట్టొచ్చు. ఆకాశం వైపు చూస్తూ, పైన గొట్టం లేని చోట ఉంటే చాలు. మాటల ఏరియల్‌కు మాత్రం వీలైనంత దూరం. జీపీఎస్ 1575.42 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. మాటల రేడియో తన సంఖ్య మీదే కాక దాని రెట్ల మీద కూడా కాస్త శక్తి వదులుతుంది. 121.15ను 13తో, 131.25ను 12తో హెచ్చించి చూడండి, రెండూ దాని గడపలోకే వచ్చి నిలబడతాయి. అందుకే బిగించాక 121.15, 121.175, 121.2, 131.25, 131.275, 131.3 మీద మైకు నొక్కి పట్టుకుని జీపీఎస్ శాటిలైట్లను వదిలేస్తుందేమో చూడాలి. నేను పనిచేసినప్పుడు ఈ గొడవ లేదు, అప్పటికి జీపీఎస్సే లేదు.

ట్రాన్స్‌పాండర్ అంటే రాడార్‌కు జవాబిచ్చే పెట్టె, దాని ఏరియల్ ఆరేడు సెంటీమీటర్ల ముల్లు. దాన్ని దాచాలనే ఆశ వదులుకోండి. పేలుడులా వదిలే శక్తి వందల వాట్లలో ఉంటుంది, మనుషుల కాళ్ల పక్కన పెట్టే వస్తువు కాదు. చిన్న అల్యూమినియం పళ్లెం మీద నిలబెట్టి కడుపు కింద బయటికే వదలండి.

తోక కూడా స్టీలుదైతే, మాటల ఏరియల్ బయటే ఉండనివ్వండి. దాచాల్సింది దాని కింది నేలను. కడ్డీ ఏరియల్‌కు కింద లోహపు నేల కావాలి, బట్ట విమానానికి అది ఉండదు. కడ్డీ మొదలు నుంచి నాలుగు దిక్కులకూ, ఒక్కోటి కడ్డీ పొడవుకు తగ్గకుండా రాగి రేకు పట్టీలు బట్ట కింద పరవాలి. అమెరికా విమానయాన శాఖ ఎఫ్ఏఏ మార్గదర్శకాల్లో కూడా బట్ట విమానాలకు ఈ పద్ధతే ఉంది. పట్టీలను అల్లిక తీగతో స్టీలు చట్రానికి కలపండి. కలిపే చోట గొట్టం మీద రంగు గీకి మెరిసే లోహం కనబడాలి, బిగించాక మళ్లీ పైన రంగు పూయాలి. రాగి, ఇనుము చెమ్మలో కలిసి ఉంటే తుప్పు తొందరగా పడుతుంది.

*ప్రశ్న: చేతిలో పట్టుకునే విమాన రేడియో ఆన్‌లైన్‌లో చూశాను. కొని, సాగర్ వైపు తిరిగే ట్రైనింగ్ విమానాలతో మాట్లాడొచ్చా?*
*– ఒక పాఠకుడు, హాలియా*

మాట్లాడకూడదు. ఆ బ్యాండులో మైకు నొక్కాలంటే సెట్టుకు వైర్‌లెస్ లైసెన్సు ఉండాలి, నీకు రేడియో టెలిఫోనీ లైసెన్సు ఉండాలి. జడ్చర్ల తమ్ముడికీ ఇదే వర్తిస్తుంది. విమానంలో సెట్టు పెట్టాలంటే కేంద్ర వైర్‌లెస్ విభాగం డబ్ల్యూపీసీ లైసెన్సు, అసలు విమానం గాలిలోకి లేవాలంటే కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి కావాలి. ఏరియల్ బాగా కుదిరిందని ఉత్సాహంగా లేపేయొద్దు.

అక్కడ ట్రైనింగ్‌లో ఉన్న పిల్లవాడు దిగేటప్పుడు టవర్ చెప్పే మాట కోసం చెవులు రిక్కించి ఉంటాడు. ఇక్కడి నుంచి నువ్వు ‘హలో’ అంటే ఆ మాట మీద పడుతుంది. పైగా అది పోయే దూరం అట్లాంటిట్లాంటిది కాదు. విమానం వెయ్యి అడుగుల ఎత్తులో ఉంటే సుమారు 70 కిలోమీటర్ల దాకా నేల మీది సెట్టు దానికి వినబడుతుంది, మధ్యలో గుట్ట అడ్డం లేకపోతే. ఆ డబ్బుతో మంచి షార్ట్‌వేవ్ రిసీవర్ కొనుక్కో. ఏది కొనాలో షాపుకు వస్తే చెబుతాను, ఆదివారం మాత్రం ఉండను.